ముప్పై ఏడో గడి

హుఫూఫ్‌లో మా సైటు స్టోరు ఒక పాత కంటైనరు. అందులో బోల్టుల డబ్బాలు, కేబుల్ చుట్టలు, సేఫ్టీ బూట్లు, వాటి మధ్య నా బల్ల. వేసవిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని సౌదీలో రూలు. ఆ మూడు గంటలూ పనివాళ్ళంతా షెడ్డులో అడ్డంగా పడుకునేవాళ్ళు. స్టోరులో ఏసీ ఉంది కాబట్టి నేను లోపలే ఉండేవాణ్ణి. నా జీవితంలో నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు ఆ బల్ల దగ్గరే, పట్టపగలు, పూర్తి తెలివిలో ఉండి చేశాను.

అంతకు ముందు నేను లెక్కల మాస్టారిని. కోనసీమలో ఒక ప్రైవేటు కాలేజీలో పదకొండేళ్ళు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పాను. సంభావ్యత చెప్పడమంటే నాకు మహా సరదా. నాణెం వరసగా పదిసార్లు బొరుసు పడినా పదకొండోసారి బొమ్మ పడే అవకాశం సగమే, నాణేనికి జ్ఞాపకం ఉండదు అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీసేవాణ్ణి. అందుకే, తెలియక మోసపోయానని చెప్పుకునే వీలు నాకు లేదు.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు మేం కాకినాడలో సంతానం కోసం వైద్యం చేసే ఒక ఆసుపత్రికి వెళ్ళాం. నా భార్య మెడలోదీ చేతులకున్నదీ అమ్మి మొదటి ప్రయత్నం చేయించాం. నిలవలేదు. ఆ రిపోర్టు వచ్చిన రోజు బస్టాండులో కూర్చుని తను ఏడవలేదు. కాగితాన్ని చిన్నచిన్న మడతలు పెడుతూ ఉండిపోయింది. ఏదో ఒకటి అనాలి కదా అని నేనే అన్నాను, "మొదటిసారి పోయింది కాబట్టి రెండోసారి తప్పకుండా నిలుస్తుంది చూడు."

"లెక్క ప్రకారమేనా అండి?" అని అడిగింది.

"లెక్క ప్రకారమే."

తను కాగితాన్ని బ్యాగులో పెట్టుకుని లేచింది. పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. నేను లెక్కలు చెప్పేవాణ్ణని ఆ మాటను గట్టిగా నమ్మింది.

రెండోసారికి కావలసిన డబ్బు నా కాలేజీ జీతంతో ఏనాటికీ కూడదు. ముప్పై ఎనిమిది దాటకముందే రండి, తర్వాత కష్టం అని డాక్టరమ్మ చెప్పింది. అప్పటికి తనకు ముప్పై అయిదు. మా వైపు చాలామంది ఆడవాళ్ళు గల్ఫ్ ఇళ్ళల్లో పనికి వెళతారు. ఏజెంటు ద్వారా ముందు తను వెళ్ళింది, ఖోబర్ పక్కన అల్ అజీజియాలో ఒక సౌదీ వాళ్ళింటికి. రెండు నెలల తర్వాత నాకు హుఫూఫ్‌లో స్టోర్‌కీపర్ వీసా దొరికింది. ఒకే దేశం, గంటన్నర ప్రయాణం, ఇద్దరం దగ్గర్లోనే ఉంటాం అని సంబరపడ్డాం. బిడ్డ కోసం వచ్చిన మొగుడూ పెళ్ళాం ఒక్క కప్పు కింద ఒక్కరోజు కూడా ఉండబోరని ఆ సంబరంలో మా ఇద్దరికీ తట్టలేదు.

నెలకో శుక్రవారం వాళ్ళింటివాళ్ళు తనకు మూడు గంటలు సెలవిచ్చేవాళ్ళు. మా కంపెనీ డ్రైవరు, కడప వైపు మనిషి, నా గదిలోనే ఉండేవాడు, దమ్మాంలో ఉన్న తమ్ముణ్ణి చూడటానికి వెళుతూ నన్ను దారిలో దింపేవాడు. అల్ అజీజియాలో ఒక సూపర్‌మార్కెట్ పక్కన మలయాళీల టీ దుకాణం ఉంది. దాని ముందున్న సిమెంటు బెంచీ మీద కూర్చునేవాళ్ళం. ఎవరైనా అడిగితే చూపించడానికి మా పెళ్ళి సర్టిఫికెట్ ఫోటో ఫోనులో పెట్టుకునేవాణ్ణి. ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అయినా చెయ్యి పట్టుకోవడానికి భయపడేవాళ్ళం.

తను ఎక్కువగా ఆ ఇంటి చిన్నపిల్ల గురించే మాట్లాడేది. ఏడాదిన్నర పిల్ల. "నా చెయ్యి తల కింద లేకపోతే నిద్దరే పోదండి. మామా ఎత్తుకున్నా ఏడుస్తుంది" అనేది. మామా అంటే ఆ ఇంటావిడ, బాబా అంటే ఇంటాయన, ఇళ్ళల్లో పనిచేసే వాళ్ళంతా అలాగే పిలుస్తారు. ఆ మాట చెప్పేటప్పుడు తన ముఖంలో గర్వం కనిపించేది. ఆ వెంటనే ముఖం పక్కకు తిప్పుకునేది.

ఇద్దరం రెండేళ్ళు చేస్తే, ఖర్చులు పోను, ఆసుపత్రికి సరిపోతుంది. తనకు ముప్పై ఎనిమిది నిండడానికి కొంచెం ముందే ఇంటికి చేరతాం. ఇదీ మేం వేసుకున్న లెక్క. తన జీతం కూడా నా అకౌంటుకే వచ్చేట్టు ఏర్పాటు చేసుకున్నాం. పద్నాలుగు నెలలకే నాలుగున్నర లక్షలు చేరాయి, ఆసుపత్రికి దాదాపు సరిపడా.

ఆ నెల బెంచీ మీద కూర్చున్నాక తను చాలాసేపు టీ తాగలేదు.

"మూడు నెలల నుంచి నాకు సరిగ్గా రావట్లేదండి" అంది. "మొన్న అసలు రానేలేదు. పని ఎక్కువై అనుకున్నాను. కాదేమో అనిపిస్తోంది. మా అమ్మకీ తొందరగానే ఆగిపోయాయి. ఇంకో పది నెలలు ఆగితే ఇంక వెళ్ళీ లాభం ఉండదేమోనండి."

"ముందే వెళ్ళిపోతే?"

"బాబాని అడిగించాను. ఎగ్జిట్ ఇస్తాడంట. కానీ వీసాకి, ఏజెన్సీకి తను పెట్టినదంతా కట్టి వెళ్ళమంటున్నాడు."

యజమాని ఎగ్జిట్ వీసా ఇవ్వనిదే ఇక్కడి నుంచి ఇంటికి కదలలేం. కట్టాల్సింది రెండు లక్షలకు దగ్గర. అది కడితే ఆసుపత్రికి చాలదు. ఆసుపత్రికి దాచితే తను కదలడానికి లేదు. తిరుగు ప్రయాణంలో డ్రైవరు ఏదో చెబుతున్నాడు. నేను కిటికీలోంచి ఇసుక చూస్తూ ఆ రెండు లక్షల చుట్టూనే తిరుగుతున్నాను.

సరిగ్గా ఆ వారమే, బీహార్ నుంచి వచ్చిన మా ఫోర్‌మన్ మధ్యాహ్నం ఏసీ కోసం స్టోరులోకి వచ్చి, "మాస్టర్‌జీ, యే దేఖో" అంటూ ఫోను నా ముందు పెట్టాడు. ఇక్కడ జూదం నేరం. ఆ సైట్లన్నీ మూసేసి ఉంటాయి. దొడ్డిదారిన తెరుచుకునే యాప్ ఒకటి వేసుకున్నాడు. తెర మీద ఎక్కడో ఏ దేశంలోనో ఒక అమ్మాయి నిలబడి చక్రం తిప్పుతోంది. తెల్లటి గోళీ ఒకటి చక్రానికి ఎదురు దిశలో తిరిగి తిరిగి ఒక గడిలో పడుతోంది. రూలెట్. నేను పాఠాల్లో చెప్పడమే గానీ చూడటం అదే మొదలు. పద్దెనిమిది ఎర్ర గడులు, పద్దెనిమిది నల్ల గడులు, సున్నా అంకె వేసిన ఒక పచ్చ గడి. ఎరుపు మీద పెడితే, ఎరుపు పడితే, పెట్టినదానికి రెట్టింపు.

ఫోర్‌మన్ సరదాకి ఆడేవాడు. పోయిందల్లా పోయిందని నవ్వేసేవాడు. నేనే అతనికి పాఠం మొదలుపెట్టాను. యాభై రూపాయలు ఎరుపు మీద పెట్టు. పోతే వంద పెట్టు. అదీ పోతే రెండు వందలు. అలా రెట్టింపు చేసుకుంటూ పో. ఎప్పుడో ఒకసారి ఎరుపు పడక తప్పదు. పడ్డ క్షణాన పోయినదంతా తిరిగొచ్చి పైన యాభై మిగులుతుంది. మళ్ళీ యాభైతో మొదలు.

అతను అడిగాడు, "ఇంత సులువైతే ఈ ఆట పెట్టినవాళ్ళు ఎందుకు ఊరుకుంటారు మాస్టర్‌జీ?"

"ఓపిక లేనివాళ్ళ వల్ల వాళ్ళు బతుకుతారు" అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో.

అతను సెలవు మీద ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా ఫోనులో ఆ యాప్ వేయించుకున్నాను. రెండు వారాలు యాభైతో ఆడాను. చిన్న చిన్న మొత్తాలు, కానీ రోజూ వచ్చాయి. తర్వాత యాభైని అయిదు వందలు చేశాను. రోజుకు పదిహేను గెలుపులు రాగానే ఫోను మూసేసేవాణ్ణి. నాలో క్రమశిక్షణ ఉంది, జూదగాడికీ నాకూ అదే తేడా అని చెప్పుకునేవాణ్ణి. తొమ్మిది రోజుల్లో అరవై ఏడు వేల అయిదు వందలు పెరిగాయి.

నేను లెక్క వేయలేదని అనుకోకండి. వేశాను. అయిదు వందలకు పెంచిన మొదటి రోజే, సరుకు రసీదు ఒకటి వెనక్కి తిప్పి వేశాను. ఆ బల్ల మీద ఒక్కసారి లక్షకు మించి పెట్టనివ్వరు. అయిదు వందలతో మొదలుపెడితే వరసగా ఎనిమిదిసార్లు ఓడగానే తొమ్మిదోసారి రెట్టింపు చేయడానికి వీలుండదు. ఆ ఎనిమిదీ కలిపి లక్షా ఇరవై ఏడు వేల అయిదు వందలు. అలా ఎనిమిది వరసగా ఓడే అవకాశం సుమారు రెండు వందల్లో ఒకటి. నాకు కావలసిన రెండు లక్షలు రావాలంటే నాలుగు వందలసార్లు గెలవాలి. అన్నిసార్లలో ఒక్కసారి కూడా ఆ ఎనిమిది నాకు తగలకుండా ఉండే అవకాశం ఏడింట ఒక వంతు. ఏడుగురు నాలాగే మొదలుపెడితే ఆరుగురు మునుగుతారు. నా చేతి రాతతోనే ఉంది జవాబు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బోల్టుల డబ్బా కింద దోపాను. ఆ ఏడోవాణ్ణి నేనే ఎందుకు కాకూడదు, ఇన్నేళ్ళుగా ఏదీ కలిసి రాని మాకు ఇదొక్కటైనా కలిసి రాకూడదా అనుకున్నాను. అవకాశాలు ఎవరి కష్టాన్నీ చూడవని పదకొండేళ్ళు పిల్లలకు చెప్పినవాణ్ణి.

తర్వాతి నెల శుక్రవారం తనతో అన్నాను, "ఓవర్‌టైం బాగా ఇస్తున్నారు. రెండు నెలల్లో నిన్ను పంపించేస్తాను."

"నిజంగానా అండి?"

"నిజంగా."

తను ఆ రోజు బెంచీ మీద నా చెయ్యి పట్టుకుంది. జనం ఉన్నారని కూడా చూడలేదు. ఇంటికెళ్ళి అదే సాయంత్రం మామాకి చెప్పేసింది, రెండు నెలల్లో వెళ్ళిపోతానని. మామా ముందు అలిగి, తర్వాత సరేనని, ఇంకో మనిషి కోసం ఏజెన్సీకి కబురు పెట్టింది. చిన్నపిల్లకు తన పక్కలో పడుకునే అలవాటు మెల్లగా మాన్పిస్తున్నానని తను ఫోనులో చెప్పింది. "రెండు రాత్రుల నుంచి విడిగానే పడుకోబెడుతున్నానండి. ఏడుస్తుంది. నేనూ తలుపు బయటే కూర్చుంటున్నాను."

ఆదివారం మధ్యాహ్నం పన్నెండుంపావుకి మొదలుపెట్టాను. మొదటి నాలుగు గెలుపులు చకచకా వచ్చాయి. అయిదో చుట్టులో నలుపు. వెయ్యి పెట్టాను. నలుపు. రెండు వేలు. నలుపు. అంతదాకా మామూలే, చాలాసార్లు చూసిందే. నాలుగు వేలు. పచ్చ. ఎనిమిది వేలు. నలుపు. పదహారు వేలు. నలుపు. ముప్పై రెండు వేలు పెట్టేటప్పుడు ఏసీ హోరు తప్ప ఇంకేం వినపడటం లేదు. ఆ తెర మీది అమ్మాయి ఎవరితోనో మాట్లాడి నవ్వుతోంది. నలుపు. అరవై నాలుగు వేలు నేను ఆలోచించి పెట్టలేదు. ఆగడం అనేది అసలు నా చేతిలో ఉన్నట్టే అనిపించలేదు. గోళీ ఎర్ర గడి అంచు మీద ఒక్క క్షణం నిలబడింది. నేను కుర్చీలోంచి లేచాను. జారి పక్క గడిలో పడింది. నలుపు.

తొమ్మిదోసారికి లక్షా ఇరవై ఎనిమిది వేలు పెట్టబోతే యాప్ ఒప్పుకోలేదు. పరిమితి దాటింది అని ఒక చిన్న అక్షరాల వాక్యం వచ్చింది. దాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కుతూ కూర్చున్నాను. ఈలోగా చక్రం తిరిగింది. ఎరుపు పడింది.

అక్కడితో ఆపి ఉంటే, గెలిచింది పోగా మా డబ్బులో పోయింది అరవై వేల లోపే. ఆ మాట ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం పద్ధతి తప్పు, ఇంకో పద్ధతి కావాలి అనుకున్నాను. పద్ధతులకు కొదవేముంది. అయిదుసార్లు వరసగా నలుపు పడేదాకా చేతులు కట్టుకుని కూర్చుని, అప్పుడు ఎరుపు మీద పెద్ద మొత్తం పెట్టాను. చక్రానికి జ్ఞాపకం ఉన్నట్టు. ఓడితే ఒక మెట్టు పెంచి, గెలిస్తే ఒక మెట్టు తగ్గించే పద్ధతి నాలుగు రోజులు ఆడాను. అంకెలను మూడు భాగాలు చేసి రెండు భాగాల మీద పెట్టి చూశాను. పడ్డ అంకెలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని వాటిలో ఏదో వరస ఉందని వెతికాను. గెలిచిన రోజులూ ఉన్నాయి. వాటి వల్లే మిగతాది పోయింది. ఏ పద్ధతి పట్టుకున్నా, డబ్బు కరిగే వేగం మారింది తప్ప కరగడం మారలేదు. పాతిక రోజులకు అకౌంటు ఖాళీ.

ఆ సాయంత్రం గదిలో డ్రైవరు నమాజు చేసుకుని చాప చుడుతున్నాడు. నేను మంచం అంచున కూర్చుని, "భాయ్, ఒక వెయ్యి రియాళ్ళు సర్దుతావా? జీతం రాగానే ఇచ్చేస్తా" అన్నాను.

అతను చాప గోడకు ఆనించి నా ఎదురుగా కూర్చున్నాడు. "దేనికన్నా?"

"ఇంటికి పంపాలి."

"అన్నా, నేను మొన్న మద్దేనం బూట్ల కోసరం స్టోరులోకి వచ్చినా. నువ్వు నన్ను చూడనే లే. నీ పక్కనే నిలబడి ఉండా. అయినా చూడలే. ఆ చక్రం నేనూ చూసినా." కోపం లేదు అతని గొంతులో. "అన్నానికి అడుగు, ఇస్తా. టికెట్‌కి అడుగు, ఇస్తా. దీనికైతే ఒక్క రియాల్ ఈయను. వదినమ్మకు చెప్పినావా?"

"లేదు."

"రేపు శుక్రవారం గదా. నేను దింపుతా. చెప్పకుండా బండి ఎక్కొద్దు."

మర్నాడు అన్నట్టే టీ దుకాణం దగ్గర దింపాడు. తను అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉంది. ఒక డబ్బాలో అన్నం, కోడి ముక్కలు తెచ్చింది. "మామా ఇచ్చిందండి. తినండి ముందు. ఏంటలా అయిపోయారు, జొరమా?"

"డబ్బుల్లేవు" అన్నాను.

"ఏ డబ్బులండి?"

"మన డబ్బులు."

"ఎన్ని లేవు?"

"ఏవీ లేవు."

తను డబ్బా మూత పెట్టింది. "ఎవరు తీసుకున్నారు? బ్యాంకు వాళ్ళా? ఫోన్ చేసి అంకెలేవైనా అడిగారా? కంప్లైంట్ ఇద్దాం, మామా వాళ్ళ తమ్ముడు పోలీసులో..."

"ఎవరూ కాదు. నేనే."

చెప్పాను. మొదటి నుంచి, ఏదీ దాచకుండా. తను అరుస్తుందని, కొడుతుందని, లేచి వెళ్ళిపోతుందని అనుకున్నాను. ఏదీ చేయలేదు. "ఆ ఆట ఎలా ఆడతారో చూపించండి" అంది. నాకు అర్థం కాలేదు. బ్యాగులోంచి పెన్ను తీసి ఇచ్చింది. టీ దుకాణం వాళ్ళ కాగితపు సంచీ మీద చక్రం గీశాను. ఎరుపు, నలుపు, పచ్చ. రెట్టింపు చేయడం గురించి చెప్పాను. తను బడిలో పిల్లలా వంగి చూస్తూ వింది.

"ఈ పచ్చ గడి ఎవరిదండి?"

"ఆట పెట్టినవాళ్ళది. అది పడితే ఎరుపు మీద పెట్టినవాళ్ళదీ పోతుంది, నలుపు మీద పెట్టినవాళ్ళదీ పోతుంది."

"ఎన్నిటికోసారి పడుతుంది?"

"ముప్పై ఏడింటికోసారి."

"అంటే మీరు కొంచెం పెట్టినా, ఎక్కువ పెట్టినా, ఆగి పెట్టినా, ముప్పై ఏడింటికోసారి వాళ్ళకి కట్టాల్సిందేగా. ఇందులో మీ పద్ధతి ఏం చేస్తుంది?"

"ఏం చెయ్యదు."

"ఇది మీకు ఇప్పుడు తెలిసిందా, ముందే తెలుసా?"

"ముందే తెలుసు."

"తెలుసా" అంది. అడగలేదు. మళ్ళీ అంది, "తెలీక చేశారనుకుంటే తిట్టుకునేదాన్నండి. తెలిసి చేస్తే ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు."

లోపల దుకాణంలో టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు. తను ఆ సంచీ మీది బొమ్మనే చూస్తోంది.

"కాకినాడ బస్టాండులో చెప్పారే, మొదటిసారి పోయింది కాబట్టి రెండోసారి తప్పకుండా నిలుస్తుందని. అది కూడా ఇలాంటి లెక్కేనా?"

నేను పెన్ను మూత పెట్టి తన ముందు పెట్టాను.

"చెప్పండి."

"అవును. మొదటిసారికీ రెండోసారికీ సంబంధం లేదు. నువ్వు అలా కూర్చుని ఉంటే చూడలేక అన్నాను."

అప్పుడు ఏడ్చింది. డబ్బు కోసం ఏడవలేదు, అది నాకు తెలుసు. పదహారు నెలలుగా ఎవరి పిల్లకో తన చెయ్యి తలగడగా పెట్టి, ఆ ఒక్క మాట పట్టుకుని పడుకున్న మనిషి. ఒంటి మీది నల్ల అబాయా అంచుతో ముఖం తుడుచుకుని లేచింది. ఇంకా గంట టైముంది. "మామాకి వెళ్ళట్లేదని చెప్పుకోవాలి. వేరే మనిషి వచ్చేస్తోంది. ఉంచుకోమని కాళ్ళు పట్టుకోవాలేమో" అంది. అన్నం డబ్బా బెంచీ మీదే ఉండిపోయింది. నేను అక్కడే కూర్చుని పొద్దుగూకి మగ్రిబ్ బాంగు వినిపించేదాకా దాన్ని చూస్తూ ఉన్నాను. డ్రైవరు వచ్చాక ఇద్దరం ఆ అన్నం తిన్నాం. 

కొత్త మనిషి అప్పటికే బయల్దేరింది. మామా నా భార్యను వాళ్ళ అత్తగారింటికి మార్చింది. మంచం దిగలేని ముసలావిడను ఎత్తి దించే పని. చిన్నపిల్ల మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. వారానికోసారి అందరూ అక్కడికి వచ్చినప్పుడు ఆ పిల్ల తన దగ్గరకు పరిగెత్తి వచ్చేదట. మూడో వారం రాలేదట. కొత్తావిడ చంకలోంచి చూసి ఊరుకుందట. "మంచిదే లెండి" అని ఫోను పెట్టేసింది. ఆ తర్వాత శుక్రవారాలు లేవు. ముసలావిడను వదిలి రావడం కుదరదన్నారు. నిజంగా కుదరలేదో, తనకే రావాలని లేదో నేను అడగలేదు.

తన జీతం తన అకౌంటుకే వేయించుకోవడం మొదలుపెట్టింది. నా జీతం పడ్డ రోజే తిండి ఖర్చు ఉంచుకుని మిగతాది తనకే పంపించాను. తను అడిగితే కాదు, నేనే. యాప్ తీసేశాను. అయినా ఎండ రూలు ఉన్నన్నాళ్ళూ పన్నెండు కొట్టేసరికి చెయ్యి దానంతటదే ఫోను మీదకు పోయేది. డ్రైవరు రోజూ ఆ టైముకి స్టోరు ముందు బండి ఆపి, "ఫోన్ ఇయ్యన్నా" అని తీసుకుని మూడింటికి తెచ్చి ఇచ్చేవాడు. ఒక్కరోజు కూడా ఉపన్యాసం చెప్పలేదు. ఫోను లేని ఆ మూడు గంటలు ఎలా గడిచేవో చెప్పలేను. బోల్టులు సైజువారీగా వేరు చేసేవాణ్ణి. చేసినవి మళ్ళీ కలిపేసి మళ్ళీ వేరు చేసేవాణ్ణి.

రెండేళ్ళు నిండినా, ముసలావిడకు ఇంకో మనిషి దొరికేదాకా ఆగమన్నారు. తర్వాతి వేసవిలో తనకు అక్కడే ముప్పై ఎనిమిది నిండాయి. ఆ రోజు ఫోన్ చేస్తే ముసలావిడకు స్నానం చేయిస్తున్నానని పెట్టేసింది. ఆ మధ్యాహ్నం, సెలవు నుంచి ఎప్పుడో తిరిగొచ్చిన ఫోర్‌మన్ ఏసీ కోసం స్టోరులోకి వచ్చాడు. నా ఫోను డ్రైవరు దగ్గరుంది. నేను ఫోర్‌మన్ ఫోను అడిగి తీసుకున్నాను. జేబులో ఉన్న రెండు వందల రియాళ్ళు అతని చేతిలో పెట్టి, అంత విలువకు ఎరుపు మీద పెట్టాను. ఏ పద్ధతీ లేదు. గెలవాలని కూడా లేదు. ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాతి నెలలో తనకు ఎగ్జిట్ వచ్చింది. దమ్మాం ఎయిర్‌పోర్టులో ఆ ఇంటి డ్రైవరు దింపి వెళ్ళాక మాకు ఇరవై నిమిషాలు దొరికాయి. చిక్కిపోయింది. ముసలావిణ్ణి ఎత్తీ ఎత్తీ కుడి భుజం కిందికి వాలింది. ట్రాలీ నేను తోస్తానంటే వద్దంది.

"మళ్ళీ ఆడారా?" అని అడిగింది.

లేదు అనడం ఎంత సులువో నాకు తెలుసు. "ఒకసారి ఆడాను" అన్నాను.

"ఎప్పుడు?"

"నీ పుట్టినరోజున."

తను నా ముఖంలోకి చూసింది. "పోయాయా?"

"వచ్చాయి. రెండు వందలకు నాలుగు వందలు."

"పోతే బాగుండేదండి" అంది. "వచ్చాయి అంటేనే నాకు భయం."

"ఆ తర్వాత ఆడలేదు."

"ఇప్పటిదాకా" అంది. నేను అవునన్నాను. ఇంతకన్నా ఎక్కువ మాట ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇచ్చినా తను తీసుకునే స్థితిలో లేదు. పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని లైనులోకి వెళ్ళింది. వంపు తిరిగేచోట ఒక్కసారి ఆగింది. చున్నీ సర్దుకుని వెళ్ళిపోయింది.

కాకినాడకు వెళ్ళలేదు. డబ్బు ఉంది. తన అకౌంటులో పడ్డ జీతం, నేను పంపినది కలిపితే ఒక ప్రయత్నానికి దాదాపు సరిపోయేది. నేను ఫోనులో ఒకసారి ఆ మాట ఎత్తితే, "నాకిప్పుడు ఎవరి చేతా అవకాశం ఉంది, లేదు అని చెప్పించుకునే ఓపిక లేదండి. ఆ మాట ఇంక వద్దు" అంది. నేను మళ్ళీ ఎత్తలేదు. ఆ వద్దు అన్నదాంట్లో నా వాటా ఎంతో నాకు తెలుసు. వయసు చేసింది ఎంత, నేను చేసింది ఎంత అని విడదీసే లెక్క మాత్రం ఎవరూ కనిపెట్టలేదు.

తన అక్కతో కలిసి ఊళ్ళో బస్సులు ఆగే చోట ఒక గది అద్దెకు తీసుకుని టిఫిన్ హోటలు పెట్టింది. పొద్దున ఇడ్లీ, పెసరట్టు. మధ్యాహ్నానికి మూసేస్తారు. నేను హుఫూఫ్‌లోనే ఉన్నాను, అదే స్టోరులో. శుక్రవారం మా మధ్యాహ్నానికి అక్కడ హోటలు కడిగేసి ఉంటారు, అప్పుడు మాట్లాడుకుంటాం. ఎక్కువగా పప్పు రేటు, గ్యాసు బండ, అక్క మోకాళ్ళు. తను నవ్వడం మళ్ళీ వింటున్నాను, నాతో కాదు, పక్కన ఎవరితోనో.

మొన్న శుక్రవారం చెప్పాను, వచ్చే నెల రెండు నెలల సెలవు ఇచ్చారని.

"టికెట్ తీశారా?"

"ఇంకా లేదు. నువ్వు రమ్మంటే తీస్తాను."

అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది.  లైను తెగిపోయిందేమోనని ఫోను చూసుకున్నాను.

"రండి" అంది. "పొద్దున్నే నాలుగింటికి పిండి రుబ్బాలి. నా భుజం లేవట్లేదు. మీరు వస్తే గ్రైండరు దగ్గర ఒక మనిషి ఉంటారు."

టికెట్ ఆ రోజే తీశాను.